ఆట ఎవరింట్లో తెరిచారు

మంగీలాల్‌ని దొంగ అన్నది నేనే. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తే నాకు సగం బరువు దిగుతుంది. ఎవరో అన్నారట, ఎవరో విన్నారట అని నసుగుతూ చెప్పడం నాకు చేతకాదు. జనగామలో కిరాణా హోల్‌సేల్ దుకాణం రాజేశం కొడుకు జగదీష్, ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో కబడ్డీ ఆడి, ఓడిపోయి, ఫోన్ తీసి ఆ మాట అన్నాడు. ఆ ఘనుణ్ణి నేనే.

మంగీలాల్ ఎవరో ముందు చెప్పాలి. వాళ్లది మరిపెడ దగ్గర ఒక తండా. ఇప్పుడు ఉండేది మహబూబాబాద్‌లో, తల్లి చాందీతో, భార్యాపిల్లలతో రెండు గదుల ఇంట్లో. పని వ్యవసాయ మార్కెట్లో దడ్వాయి. రైతు తెచ్చిన మిరపకాయలనూ పత్తినీ కాంటా మీద పెట్టి, అంకె పైకి చదివే మనిషిని మా వైపు దడ్వాయి అంటారు. అతను రైతు మనిషీ కాదు, సరుకు కొనే సేటు మనిషీ కాదు. ఇద్దరి మధ్యా నిలబడి చదవాలి. చదివిన అంకెను ఇద్దరూ నమ్మాలి. దడ్వాయికి చదువు తక్కువైనా నడుస్తుంది, పేరు పోతే మాత్రం ఒక్క పూట కూడా నడవదు.

మంగీలాల్‌కి ఒక అలవాటు ఉంది. పొద్దున మొదటి బస్తా ఎక్కించేముందు, ప్రభుత్వ ముద్ర ఉన్న ఇరవై కిలోల రాయిని కాంటా నడిమిట్ల పెడతాడు. తర్వాత నాలుగు మూలల్లోనూ పెడతాడు. ప్రతిసారీ "ఇరవై, చూసుకోన్రి" అంటాడు. ఎవరూ చూడరు. రైతులు టీ తాగుతూ ఉంటారు, సేట్లు ఫోన్లు మాట్లాడుతూ ఉంటారు. అయినా పదిహేనేళ్లుగా ఒక్క రోజు మానలేదు. తల్లి ఒకసారి అడిగిందట, ఎవరూ చూడనిదానికి రోజూ ఆ రాయి మోయడం ఎందుకు బిడ్డా అని. "చూసే రోజు ఒకటి వస్తది యాడీ" అన్నాడట. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

మాకు పరిచయం కబడ్డీ వల్ల. ఇరవై ఏళ్ల కిందట పాత వరంగల్ జిల్లా జట్ల కోసం హనుమకొండలో నెల రోజుల శిక్షణ పెట్టారు. నన్ను ఒంట్లో బరువు చూసి తీసుకున్నారు. మంగీలాల్‌ని కూత చూసి తీసుకున్నారు. కూతకు వెళ్లాడంటే ఒక్క ఊపిరిలో ముగ్గురిని తాకి వచ్చేవాడు. ఆడపిల్లల జట్టులో భూపాలపల్లి నుంచి సుమిత్ర వచ్చింది. బొగ్గుగని కార్మికుడి కూతురు, పట్టు పడితే విడిపించుకోవడం మగపిల్లలకే కష్టమయ్యేది. ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్లది. మంగీలాల్ మోకాలి మీద మిర్చి బస్తాల దొంతర జారిపడి కూత ఆగిపోయింది. సుమిత్ర తండ్రి పోయాక ఆమెకు గనిలో దీపాల గదిలో ఉద్యోగం ఇచ్చారు. కిందికి దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం ఆమె పని. ఒక్క దీపం తిరిగి రాకపోయినా ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు, ఆమె కుర్చీలోంచి లేవదు. నేను దుకాణంలో కూర్చున్నాను. జిల్లా కూడా ముక్కలై మేం ముగ్గురం మూడు జిల్లాలవాళ్లమయ్యాం.

మూడేళ్ల కిందట టీవీ ఆటల పెట్టె మీద ఒక కబడ్డీ ఆట వచ్చింది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకరితో ఒకరు ఆడవచ్చు. సుమిత్ర కనిపెట్టి మాకు చెప్పింది. మంగీలాల్ వరంగల్ వెళ్లి ఎవరో వాడి అమ్మేసిన పెట్టె కొనుక్కొచ్చాడు. పాత శిక్షణలో ఉన్నవాళ్లం పదకొండుమందిమి కలిసి 'పాత జిల్లా' అని ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మార్కెట్‌కీ మా బజారుకీ ఆదివారమే తీరిక కాబట్టి ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం. మోకాలు వంగని మంగీలాల్ మళ్లీ కూతకు వెళ్లడం మొదలుపెట్టాడు. మొదటిరోజు ఆట అయ్యాక ఫోన్ చేసి ప్రతి కూతా మళ్లీ చెప్పుకొచ్చాడు. నాకూ సంతోషంగానే అనిపించింది. అప్పటికి నేనింకా ఓడడం మొదలుపెట్టలేదు.

ఇక్కడ ఈ ఆట నడిచే తీరు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. దీన్ని ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్ నడిపించదు. ఆడేవాళ్లలో ఒకరి పెట్టె మిగతావాళ్లందరికీ ఇల్లవుతుంది. మేం అలాగే అనేవాళ్లం, "ఇవాళ ఇల్లు ఎవరిది?" అని. మిగతావాళ్లం ఇంటర్నెట్ తీగ మీద ఆ ఇంటికి వెళ్లి ఆడినట్టు లెక్క. నేను జనగామలో మీట నొక్కితే ఆ నొక్కుడు ఆ ఇంటిదాకా పోయి, అక్కడ తీర్పు చెప్పించుకుని, మళ్లీ నా టీవీ మీదికి రావాలి. ఆ రాకపోకల్లో అయ్యే ఆలస్యాన్నే లాగ్ అంటారు. ఇంటివాళ్లకు ఆ బాధ లేదు, నొక్కితే తగిలినట్టే. ఎవరి చెయ్యి ముందు తగిలింది, ఎవరి కాలు ముందు గీత దాటింది, అన్నిటికీ ఆ ఇంటి పెట్టే అంపైరు. ఇల్లు ఎవరిదో మేం తేల్చేది కాదు. అందరి తీగలూ చూసి, బాగున్నవాళ్ల ఇంటిని ఆటే ఎంచుకునేది. మంగీలాల్ ఇంటికి కొత్తగా వేసిన మంచి తీగ ఉంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఇల్లు అతనిదే.

ఇదంతా ఇప్పుడు తెలిసిన తెలివి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. మంగీలాల్ ముందు నేను కదలలేకపోతున్నాను.

మాఘమాసంలో మూడు ఆదివారాలు వరసగా ఓడాను. మూడో ఆదివారం కూతకు వెళ్లి ఇద్దరిని తాకి, వెనక్కి తిరిగి, గీత దాటాను. నా టీవీ మీద నా కాలు గీతకు ఇవతల ఉంది, నా కళ్లతో చూశాను. అంతలో బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి నేను గీతకు అవతల బోర్లా పడి ఉన్నాను, మంగీలాల్ నా చీలమండ పట్టుకుని ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారని నాకు తెలుసు, కానీ ఆ సామెత ఎప్పుడూ ఎదుటివాడికే గుర్తొస్తుంది.

ఫోన్ తీసి గొంతు రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. "మంగీలాల్, నువ్వు నడిమిట్ల తీగ పీకి పెడుతున్నవ్. దొంగాట ఆడుతున్నవ్. దొంగవు నువ్వు. మార్కెట్ల కాంటా మీద గూడ గిట్లనే చేస్తవా?"

వ్యాపారి కొడుకు లంబాడా మనిషిని దొంగ అంటే ఆ మాటకు ఎంత బరువుంటుందో నాకు తెలియక కాదు. తండావాళ్లు మా దుకాణానికి వస్తే మా బాపు రాజేశం కళ్లు వాళ్ల చేతుల మీదికి ఎలా పోతాయో చిన్నప్పటినుంచి చూసినవాణ్ణే. తెలిసే అన్నాను. అందుకే ఇప్పటికీ ఆ గొంతు నా చెవిలో పడితే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

పది నిమిషాలకు మంగీలాల్ జవాబు రాశాడు. "ఆట మాట ఆటల ఉండనియ్యి సేటూ." ఇరవై ఏళ్లుగా నన్ను అన్నా అని పిలిచినవాడు.

సుమిత్ర ఫోన్ చేసింది. "జగదీషన్నా, గా మాట ముందు తీసెయ్. నీకేమన్న సోయి ఉన్నదా?" అంది. నేను గంటసేపు బిగుసుకుని, ఆ తర్వాత తీసేశాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు. ఆ గంటలోనే పదకొండుమందిలో ఎవరో ఇంకెవరికో పంపారు. మంగళవారానికి నా గొంతు మహబూబాబాద్ మార్కెట్లో తిరుగుతోంది. ముందు ఉన్న ఆట ముక్క ఎక్కడ తెగిపోయిందో గాని, "కాంటా మీద గూడ గిట్లనే చేస్తవా" అన్నది మాత్రం తిరుగుతోంది.

అది మిర్చి జోరుగా వచ్చే కాలం. బుధవారం ఒక రైతు తన కుప్పను మంగీలాల్ కాంటా మీద పెట్టనన్నాడు. గురువారం ఐదుగురు అన్నారు. ఎవరూ గట్టిగా అరవలేదు, గొడవ చేయలేదు. "వేరే కాంటా చూపెట్టున్రి" అన్నారంతే. వారం తిరిగేసరికి అందరి కాంటాల దగ్గరా వరస ఉంటే, మంగీలాల్ తన కాంటా మెట్టు మీద ఖాళీగా కూర్చుంటున్నాడు. ఈ సీజన్ దాటితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది, అతను తండాకు వెళ్లి మిరప ఏరడానికి కూలికి పోవాల్సిందే. ఈ సంగతంతా సుమిత్ర చెప్పింది. చెప్పి, "నీకు దొంగాట అనిపిస్తే అనిపించింది. గాని మనిషి అన్నం మీద కొట్టినవ్" అని ఫోన్ పెట్టేసింది.

నేను మాత్రం నా కళ్లతో చూశాను కదా అనే మొండితనంలో ఉన్నాను. అప్పుడు మంగీలాలే ఫోన్ చేశాడు.

"సేటూ, ఒక కాంటా మీద అనుమానం వస్తే మేమేం చేస్తమో ఎరుకేనా? అదే బస్తాను మూడు కాంటల మీద పెడతం. ఈ ఐతారం మనం ముగ్గురమే ఆడుదాం. ఒకపారి ఇల్లు నాది, ఒకపారి నీది, ఒకపారి సుమిత్రది."

ఆటే ఇల్లు ఎంచుకోకుండా, మనకు కావలసిన ఇంట్లో తెరిచే పద్ధతి కూడా ఉంది. పిలుపు పంపి ఆడితే పిలిచినవాళ్లదే ఇల్లు. సుమిత్ర ఆ మాట చెప్పింది. సరే, నా సంగతి తేలుతుంది కదా అని ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం మొదట మంగీలాల్ ఇంట్లో ఆడాం. నేను ఎప్పటిలాగే ఆగి ఆగి ఓడాను. రెండోది మా ఇంట్లో తెరిచాను. అబ్బ, ఆ ఆట ఏం ఆటండీ! ఇద్దరినీ చిత్తు చేశాను. "చూసిన్రా, నా అసలు ఆట గిది" అన్నాను. సుమిత్ర నవ్వింది. "ఏం ఆటనే అన్నా, మా టీవీల మీద నువ్వు నిలబడ్డకాడ నిలబడుతున్నవ్, కండ్లు మూసి తెరిచేసరికి గీత అవతల ఉంటున్నవ్. ఇప్పుడు నిన్ను మేము దొంగ అనాల్నా?" అంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు ఇల్లు మాత్రమే కలిసొచ్చినట్టుంది. మూడోది సుమిత్ర ఇంట్లో. అక్కడ మంగీలాల్ హాయిగా ఆడాడు, సుమిత్ర హాయిగా ఆడింది. నేనొక్కణ్ణే ఆగిపోయాను.

మంగీలాల్ మూడు ఆటలూ లెక్క కట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "మూడో ఇంట్ల నాకేం కాలే, ఆమెకేం కాలే. నువ్వే ఆగినవ్ సేటూ. అంటే వంకర నా ఇంట్ల లేదు, నీ ఇంట్ల ఉన్నది. వచ్చే ఐతారం నేనొచ్చి చూస్త."

నా ఇంట్ల ఏముంటది అని లోపల గొణిగాను గాని, పైకి రమ్మన్నాను.

వచ్చాడు. పొద్దున రైలుకు, తన ఆటల పెట్టెను తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకుని, కుంటుతూ మా మెట్లెక్కాడు. కింద దుకాణం, పైన ఇల్లు మాది. ముందు గదిలో మా బాపు ఉన్నాడు. "ఏ తండా మీది?" అని అడిగాడు, పేరు అడగలేదు. మంగీలాల్ తండా పేరు చెప్పి లోపలికి వచ్చాడు. నా భార్య శ్రీవాణి టీ ఇచ్చింది.

అతను నా పెట్టె తీసి పక్కనబెట్టి, తన పెట్టె తగిలించాడు. పదకొండు గంటలకు సుమిత్ర ఇంట్లో తెరిచి ఆడితే బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. నా పెట్టె తగిలించినా ఆగలేదు. నేను విజయగర్వంతో చూశాను. అతను తొందరపడలేదు. "మనం ఆడే యాళ్లకు ఆడాలె" అని భోజనం చేసి కూర్చున్నాడు. రెండున్నరకు తన పెట్టె తగిలించాక, మళ్లీ సుమిత్ర ఇంట్లోనే ఆట మొదలుపెట్టాం. మూడు నిమిషాల్లో బొమ్మ ఆగింది. అతని పెట్టె మీదే ఆగింది. నా ఇంట్లో కూర్చుని మంగీలాల్ కూడా నాలాగే బోర్లాపడ్డాడు.

"ఇప్పుడు ఇంట్ల ఏం మొదలైంది?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. అతను లేచి ముందు గదిలోకి వెళ్లాడు. వెనకే నేను.

మా బాపు పడక కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి లారీ సరుకు దింపుతారు. ఇరవై ఏళ్లుగా మా దగ్గర బస్తాలు మోస్తున్న హమాలీ పరశురాములు, ఇంకో ఇద్దరు కింద ఉంటారు. బాపుకు మోకాళ్ల నొప్పులు వచ్చాక మెట్లు దిగలేక దుకాణంలో ఎనిమిది కెమెరాలు పెట్టించాడు. హమాలీలు గుప్పెడు జీడిపప్పు ఎత్తుతారేమోనని ఎనిమిదింటినీ ఒకేసారి ఫోన్‌లో చూస్తాడు. ఆ బొమ్మలన్నీ మా ఇంటి తీగ గుండా బయటికి పోయి, మళ్లీ ఆయన ఫోన్‌లోకి రావాలి. తీగ ఒకటే. మా సందులోకి లారీ వస్తే సైకిల్ కూడా పోదు, అలాంటిదే ఇదీ.

"బాపూ, జర గా కెమెరాలు రెండు నిమిషాలు బంద్ చెయ్యి" అన్నాడు మంగీలాల్.

"ఎందుకు? కింద సరుకు దిగుతున్నది. చూడకుంటే ఎట్ల?" అన్నాడు బాపు.

"రెండే నిమిషాలు."

బాపు అతన్ని ఎగాదిగా చూసి, కెమెరా బొమ్మలు ఆపి ఫోన్ బోర్లించాడు. లోపల ఫోన్‌లోంచి సుమిత్ర గొంతు వినిపించింది, "ఇగో, ఇప్పుడు మంచిగున్నది." నేను బాపును మళ్లీ పెట్టమన్నాను. "మల్ల ఆగింది" అంది సుమిత్ర. మేం ఇక్కడ ఏం చేస్తున్నామో ఆమెకు తెలియదు. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే. బాపు తన హమాలీలను అనుమానంతో చూసినంతసేపూ నేను మంగీలాల్ మీద అనుమానపడ్డాను.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పు నాది" అన్నాను. అతని ముందే గ్రూపులో గొంతు పెట్టాను, మంగీలాల్ తప్పేమీ లేదు, లోపం మా ఇంటి తీగలో ఉంది, నేను అన్నది పాపం అని. అతను విన్నాడు. పెట్టెను మళ్లీ తువ్వాలలో చుట్టుకున్నాడు. స్టేషన్‌లో దింపితే, రైలు ఎక్కేముందు అన్నాడు, "ఆట సంగతి తేలింది సేటూ. కాంటా సంగతి తేలలే."

నిజమే. నా రెండో గొంతు ఎవరూ ఎవరికీ పంపలేదు. తిట్టు తిరిగినంత తొందరగా తప్పయిందన్న మాట తిరగదు. సోమవారమూ మంగళవారమూ అతని కాంటా ఖాళీనే.

నేను ఇంట్లో పరేషాన్‌గా తిరుగుతుంటే శ్రీవాణి అంది, "మాట పోయిన తొవ్వల మనిషి గూడ పోవాలె. ఈడ తిరిగితే ఏమొస్తది?"

దాంతో నాకో ఉపాయం తట్టింది. ఉత్త మాట చెబితే ఎవరు నమ్ముతారు? మా దుకాణంలో మా కాంటా మీద తూచి కుట్టిన బస్తా ఒకటి తీసుకెళ్లి, అందరి ముందూ మంగీలాల్ కాంటా మీద పెట్టిస్తే సరి. ఎవరికీ సంబంధం లేని సరుకు, అంకె ముందే తెలిసిన సరుకు. సరిగ్గా ముప్పై చూపిస్తుంది, అతని పేరు నిలబడుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బుధవారం పొద్దున్నే పరశురాములును ముప్పై కిలోల కందిపప్పు బస్తా కారు డిక్కీలో పెట్టమన్నాను. ఎందుకో చెప్పాను. అతను బస్తాను భుజాన వేసుకుని ఆగాడు. "మన కాంటా మీద తూచిందే తీస్కపోతున్నవా సేటూ?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అనకుండా డిక్కీలో పెట్టాడు.

మార్కెట్‌కు చేరేసరికి వేలం పాట ఇంకా మొదలు కాలేదు. రైతులు కుప్పల దగ్గర ఉన్నారు. మిర్చి ఘాటుకు నాకు తుమ్ములు. మంగీలాల్ తన కాంటా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నేను నలుగురికీ వినబడేలా చెప్పాను.

"నేను జనగామ కిరాణా జగదీష్‌ను. మంగీలాల్‌ను దొంగ అన్న గొంతు నాదే. మేం టీవీల ఆట ఆడుకున్నం, నేను ఓడిపోయిన, కోపంల కాంటా ఊసు తెచ్చిన. ఆయన కాంటా నేను ఎన్నడు చూడనన్న చూడలే."

ఒక ముసలి రైతు, తలకు చుట్టుకున్న తువ్వాల విప్పుతూ అన్నాడు, "నోటి మాట ఎవలన్న చెప్తరు. మీరిద్దరు దోస్తులైతే మాకేం ఎరుక?"

"గందుకే బస్తా తెచ్చిన. మా దుకాణంల ముప్పై కిలోలు తూచి కుట్టింది. మీరే తూపించున్రి."

మంగీలాల్ ముందు తన రాయి తెచ్చాడు. నడుమ పెట్టాడు, నాలుగు మూలలా పెట్టాడు. "ఇరవై, చూసుకోన్రి" అన్నాడు. ఈసారి అందరూ చూశారు. రాయి తీసి నా బస్తా పెట్టాడు. అంకె నిలబడింది. అతను చదవలేదు.

పదిహేనేళ్లలో అంకె పడి కూడా మంగీలాల్ చదవకపోవడం అదే మొదలట. నా వైపు చూశాడు. నేను వంగి చూశాను. ఇరవై తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. గోనెసంచితో కలిపి.

"చదువు" అన్నాడు ముసలి రైతు.

మంగీలాల్ చదివాడు. గొంతు పెద్దగా లేదు గాని అంకె మార్చలేదు.

గుంపు కదిలింది. "అంటే ఆరు వందల గ్రాములు తక్కువ చూపెడుతున్నది" అన్నాడు ఒకాయన. "సేటు ఉత్తగనే అన్నడా మరి?" అన్నాడు ఇంకొకాయన. నేను కాపాడదామని తెచ్చిన బస్తా అతని మెడకు పడబోతోంది. మంగీలాల్ ఎవరితోనూ వాదించలేదు. బస్తా దింపి, పక్క కాంటా మీద పెట్టమని ఆ దడ్వాయికి చేత్తో చూపించాడు. అక్కడా ఇరవై తొమ్మిదీ నాలుగు వందలు. దాని పక్క కాంటా మీదా అంతే. ఇద్దరూ పైకి చదివారు.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. మంగీలాల్ తిరగలేదు. తన రాయిని గుడ్డతో తుడుస్తున్నాడు.

కుట్టు వదులై దారిలో పప్పు కారిందనవచ్చు. డిక్కీలో చిరిగిందనవచ్చు. ఆ అబద్ధాలు నా నాలుక చివరిదాకా వచ్చాయి, వ్యాపారి నాలుక అది. కానీ ఆ అబద్ధం చెబితే ఏదో ఒక అనుమానం అతని కాంటా చుట్టూ మిగిలిపోతుంది. ఆ బస్తాకు వేసిన మా దుకాణం కుట్టు అలాగే గట్టిగా ఉంది.

"మా కాంటా తప్పు" అన్నాను. వినబడలేదన్నట్టు ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "మంగీలాల్ కాంటా సరిగ్గున్నది. తప్పున్నది మా దుకాణం కాంటాల" అని గట్టిగా చెప్పాను. ఈ మాట కూడా మార్కెట్ అంతా తిరుగుతుంది, జనగామ దాకా వస్తుంది, తెలుసు.

ముసలి రైతు తువ్వాల మళ్లీ తలకు చుట్టుకున్నాడు. వేలం పాట అయ్యాక తన కుప్పలోని మొదటి బస్తాను మంగీలాల్ కాంటా మీదికి తనే లాగాడు. నేను అక్కడే ఒక మూల నిలబడి, నాలుగో రైతు వచ్చేదాకా చూసి బయలుదేరాను.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. "నలుగురిల చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. "గా కాంటా పదేండ్ల సంది గట్లనే ఉన్నది. ఎవలు అడగలే" అన్నాడు. తెలిసి ఉంచాడో, తెలుసుకోకుండా ఉంచాడో నేను అడగలేదు. సాయంత్రం కాంటా బాగుచేసేవాణ్ణి పిలిపించాను. అది సరిచేస్తుంటే పరశురాములు పక్కన నిలబడి చూశాడు.

"నీకు ముందే ఎరుకనా?" అని అడిగాను.

"భుజానికి ఎరుకే గద సేటూ. నన్నెవలు అడిగిన్రు?" అన్నాడు.

తర్వాతి రెండు ఆదివారాలు మంగీలాల్ ఆటకు రాలేదు. కాంటా దగ్గర వరస పెరిగిందని, అలిసిపోయి పడుకుంటున్నాడని సుమిత్ర చెప్పింది. నాకు సంతోషమూ వేసింది, దిగులూ వేసింది. ఇక నన్ను మన్నించడేమో అనుకున్నాను. మూడో ఆదివారం వచ్చాడు. ముగ్గురం కలిశాం. సుమిత్ర ఎప్పటిలాగే అడిగింది, "ఇయ్యాల ఇల్లు ఎవరిది?"

మా ఇల్లు అనే మొహం నాకు లేదు. మంగీలాల్ ఇల్లు అంటారనుకున్నాను.

"జగదీషన్న ఇంట్ల తెరువున్రి" అన్నాడు మంగీలాల్.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. లేచి ముందు గదిలోకి చూశాను. బాపు ఫోన్ బల్ల మీద బోర్లించి ఉంది, ఆయన పడక కుర్చీలో నిద్రపోతున్నాడు. కింద లారీ సరుకు దిగుతోంది. వచ్చి ఆట తెరిచాను. ఎవరూ ఎక్కడా ఆగలేదు. మా ఇంట్లోనే మూడు ఆటలూ ఓడిపోయాను.